విద్యుత్ గిటారు – నమూనాల తారతమ్యం

హైదరాబాదు నగరంలో జూబిలీ హిల్స్, దానిని ఆనుకొని ఉన్న ఫిల్మ్ నగర్ ఈనాడు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నివాస స్థానాలు. అక్కడి రికార్డింగు గదులలో పనిచేసే గిటారు వాద్యకారుల వద్ద ఒకటికి మించి విద్యుత్ గిటార్లు ఉండడం సాధారణ విషయం. రెండింటికీ ఆరేసి తీగలే. రెండింటిలో పలికేవీ అవే స్వరాలు. మోహన రాగానికి ఒక వీణ, తోడి రాగానికి మరొక వీణ అని ఎవరూ కొనరు గదా! మరి ఒక గిటారు ఉండగా ఇంకొకటి ఎందుకు?

ఇది వేడుక ప్రశ్న కాదు. మంచి విద్యుత్ గిటారు వెల వేల రూపాయలతో మొదలై లక్షలకు పోతుంది. చిత్రసీమలో వాద్యకారుడుగా బ్రతకదలచిన యువకుడు ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము ఒక్క కొనుగోలులో ఖర్చయిపోవచ్చును. ఈ ప్రశ్నకు వ్యాపార ప్రకటనలు ఇచ్చే సమాధానం ఒకటి. భౌతికశాస్త్రం, చరిత్ర కలిసి ఇచ్చే సమాధానం మరొకటి. ప్రసిద్ధమైన ప్రతి నమూనా వెనుక దాని ముందటి నమూనాలో కనిపించిన ఒక లోపం ఉన్నది. ఆ లోపమేదో తెలిసినవానికి నమూనాల మధ్య తారతమ్యం తెలుస్తుంది.

తీగ ఒక్కటే చాలదు

బిగించిన తీగ స్వరాన్ని గురించిన నియమాలను ఫ్రెంచి పండితుడు మెర్సెన్ 1636లో ప్రకటించినాడు. ఉన్నత పాఠశాలలో సోనామీటరుపై ప్రయోగం చేసిన విద్యార్థులకు ఇవి పరిచితమే. తీగ పౌనఃపున్యం దాని పొడవుకు విలోమానుపాతంలోను, బిగువు వర్గమూలానికి అనులోమానుపాతంలోను, ఏకాంక దైర్ఘ్యానికి గల ద్రవ్యరాశి వర్గమూలానికి విలోమానుపాతంలోను ఉంటుంది. గిటారులోని ఆరు తీగలను సామాన్యంగా సెకనుకు 82.4, 110, 146.8, 196, 246.9, 329.6 కంపనాలకు శ్రుతి చేస్తారు. దండిపై ఒక మెట్టు నుండి తరువాతి మెట్టుకు పోతే పౌనఃపున్యం 1.0595 రెట్లు అవుతుంది. ఇట్లు పన్నెండు మెట్లు దాటగా సరిగా రెట్టింపవుతుంది.

కాని తీగ సన్ననిది. అది గాలిని కోసుకొని పోతుందే కాని కదలించలేదు. అందుచేత తీగ కంపనాలను విశాలమైన పలకకు అందించి, ఆ పలక చేత గాలిని కదలింపజేయవలెను. మన వీణకు పనసకొయ్యతో తొలిచిన కుండ చేసే పని ఇదే. బొబ్బిలి వద్ద గొల్లపల్లిలో ఒకే పనస దుంగ నుండి దండి, కుండ కలిపి చెక్కే ఏకాండి వీణలో ఈ సూత్రం చక్కగా అమరియున్నది. గిటారుకు బోలుపెట్టె ఇదే పని చేస్తుంది.

ఇక్కడ శక్తి నిత్యత్వ నియమం అడ్డు వస్తుంది. వ్రేలితో మీటినపుడు తీగకు అందిన శక్తి కొద్దిపాటిది. పెట్టె ఎంత బిగ్గరగా మ్రోగితే ఆ శక్తి అంత త్వరగా గాలిలో కలిసిపోతుంది. స్వరం అంత త్వరగా ఆరిపోతుంది. బిగ్గరగా వినిపించడం, ఎక్కువసేపు నిలవడం అనే రెండు గుణాలూ మీటు వాద్యంలో ఒకదానికొకటి విరోధులు. విద్యుత్ గిటారు చరిత్ర యావత్తూ ఈ విరోధాన్ని తొలగించుటకు జరిగిన ప్రయత్నమే అని చెప్పవచ్చును.

ఫారడే సూత్రం, వేపుడు పెనం

1920 ప్రాంతాలలో అమెరికాలో నృత్యశాలల వాద్యబృందాలు పెరిగినవి. బాకాలు, డోళ్ల నడుమ గిటారు వినిపించక పోయినది. హవాయి పద్ధతి గిటారు వాయించే జార్జి బీచమ్ అనే ఆయన ముందు లోహపు పళ్లేలను పెట్టెలో అమర్చిన గిటార్ల తయారీలో పాలుపంచుకొన్నాడు. అవి కొంత బిగ్గరగా మ్రోగినవి కాని చాలలేదు. అప్పుడాయన పెట్టెను విడిచి విద్యుత్తు వైపు తిరిగినాడు.

ఆయనకు ఆధారమైనది 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ. తీగచుట్ట గుండా పోయే అయస్కాంత అభివాహం మారినపుడు ఆ చుట్టలో విద్యుచ్చాలక బలం పుడుతుంది. అయస్కాంతం దగ్గర ఉన్న ఉక్కు తీగ తానూ అయస్కాంతత్వం పొందుతుంది. ఆ తీగ కంపించినపుడు అభివాహం అదే లయలో మారి, పక్కనున్న చుట్టలో అదే పౌనఃపున్యం గల ఏకాంతర వోల్టేజి జనిస్తుంది. ఈ అమరికకే పికప్ అని పేరు. దీనిలో పుట్టే వోల్టేజి వోల్టులో కొద్దిభాగమే. దానిని పెంచుటకు యాంప్లిఫయరు కావలెను. లీ డి ఫారెస్ట్ 1906లో నిర్మించిన మూడు ఎలక్ట్రోడుల వాల్వు, దాని వెనుక రేడియో పరిశ్రమ, ఆ కొరతను అప్పటికే తీర్చియున్నవి. నైలాను తీగలు ఈ గిటారుకు ఎందుకు పనికిరావో దీనినిబట్టి విద్యార్థులు తెలిసికొనగలరు.

1931లో బీచమ్ తన తొలి నమూనాను తయారుచేసినాడు. 1932లో అడాల్ఫ్ రికెన్‌బాకర్‌తో కలిసి దానిని అమ్మకానికి పెట్టినాడు. దాని దేహం పోతపోసిన అల్యూమినియం. గుండ్రని చిన్న దేహం, పొడుగాటి దండి ఉండుటచే దానికి "వేపుడు పెనం" అనే ముద్దుపేరు వచ్చినది. తీగలను చుట్టి గుర్రపునాడా ఆకారపు అయస్కాంతాలు రెండు ఉండేవి. దానిని ఒడిలో పెట్టుకొని ఉక్కు కడ్డీతో వాయించేవారు. పేటెంటుకు 1934లో దరఖాస్తు చేయగా 1937లో గాని మంజూరు కాలేదు. ఈలోగా ఇతరులు తమ నమూనాలతో బజారులో ప్రవేశించినారు.

కూత పెట్టిన గిటారు

వారిలో ముఖ్యమైనది గిబ్సన్ సంస్థ. 1902లో మిషిగన్ రాష్ట్రంలోని కలమజూలో స్థాపితమైన ఈ సంస్థ పేరులోనే మొదట మాండొలిన్ అనే మాట ఉండేది. దాని కీర్తికి మూలం ఆ వాద్యమే. 1936లో గిబ్సన్ "ఇ.ఎస్. 150" అనే విద్యుత్ గిటారును విడుదల చేసినది. ఇది సంప్రదాయ బోలు గిటారుకే పికప్ అమర్చిన నమూనా. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరిన చార్లీ క్రిస్టియన్ అనే యువకుడు దీనిపై బాకాతో సమానంగా ఏకవాద్యం వినిపించి, గిటారు కేవలం తాళం పట్టే వాద్యం కాదని లోకానికి చూపినాడు. ఆయన 25 ఏండ్ల వయసులోనే 1942లో మరణించినాడు.

ఈ నమూనాలో ఒక లోపం ఉన్నది. యాంప్లిఫయరు ధ్వనిని పెంచిన కొద్దీ లౌడ్ స్పీకరు నుండి వచ్చే శబ్దం బోలుపెట్టెను కదలిస్తుంది. పెట్టె తీగను కదలిస్తుంది. తీగ పికప్‌లో మరింత వోల్టేజిని పుట్టిస్తుంది. ఆ వోల్టేజి తిరిగి స్పీకరును చేరుతుంది. ఈ చక్రం ఆగక తిరిగి కూతగా మారుతుంది. సభలలో మైక్రోఫోను స్పీకరుకు ఎదురుగా వచ్చినపుడు వినిపించే కూత ఇటువంటిదే. గిటారును వినిపింపజేయుటకు పెట్టిన పెట్టె ఇప్పుడు గిటారుకు శత్రువైనది.

బోలు నుండి దుంగకు

దీనికి నివారణ తేలికగా తోచవచ్చును: పెట్టె అక్కరలేదు, తీసివేయవచ్చును. కాని శతాబ్దాల అలవాటును విడుచుట సులభం కాదు. 1940 ప్రాంతంలో లెస్ పాల్ అనే వాద్యకారుడు నాలుగంగుళాల మందం గల పైన్ కొయ్య దుంగపై తీగలు, పికప్ బిగించి, చూచేవారికి గిటారువలె కనిపించుటకు ఒక బోలు గిటారును నిలువున కోసి రెండు ముక్కలనూ ఆ దుంగకు ఇరుప్రక్కలా తగిలించినాడు. ఆ రెక్కలు ధ్వనికై కాదు, కంటికై. దుంగలో గాలి లేదు కనుక కూత అణగినది. దానితోబాటు మరొక లాభం కలిగినది. దుంగ కదలదు కనుక తీగ శక్తి గాలిలోకి పోవడం తగ్గి, స్వరం ఎక్కువసేపు నిలిచినది. బిగ్గరతనం బాధ్యతను యాంప్లిఫయరు తీసికొన్నది. నిలకడ తీగ వంతైనది. పైన చెప్పిన విరోధం ఈ విధంగా తీరినది.

ఇట్టి దుంగ గిటారును పెద్ద యెత్తున తయారుచేసి నిలబెట్టినవాడు కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణపు రేడియో మరమ్మతుదారు లియో ఫెండర్. ఆయనకు గిటారు వాయించడం రాదు. బహుశః అందుచేతనే పాత ఆచారాల బంధం ఆయనకు లేకపోయినది. దేహం ఒక పలక, దండి వేరొక మేపుల్ కొయ్య. రెండింటినీ మరలతో బిగించినాడు. దండి పాడైతే విప్పి మరొకటి బిగించవచ్చును. 1950లో విడుదలైన ఈ గిటారుకు మొదట బ్రాడ్‌కాస్టర్ అని పేరు. గ్రెచ్ సంస్థ డోళ్లకు అటువంటి పేరే ఉండుటచే 1951లో దానిని టెలికాస్టర్ అని మార్చినారు. 1954లో ఫెండర్ మరొక నమూనా స్ట్రాటోకాస్టర్‌ను తెచ్చినాడు. దీనికి మూడు పికప్‌లు. శరీరానికి ఒత్తుకొనకుండా అంచులు చెక్కిన దేహం. బిగువును క్షణకాలం సడలించి స్వరాన్ని ఊగించే ఒక మీట. ఈ మీటకు ఫెండర్ పెట్టిన పేరు ట్రెమొలో. శాస్త్రరీత్యా ఆ పేరు పొరపాటు. ట్రెమొలో అనగా కంపన పరిమితి మారడం. ఈ మీట మార్చేది పౌనఃపున్యాన్ని.

టెలికాస్టర్ విజయం చూచిన గిబ్సన్ 1952లో లెస్ పాల్ పేరనే తన దుంగ గిటారును విడుదల చేసినది. ఫెండర్ పలక గిటారు వడ్రంగి పని అయితే ఇది ఫిడేలు చేసేవాని పని. మహాగని దేహంపై వంపుగా చెక్కిన మేపుల్ పలకను అంటించి, దండిని బంకతో అతికించినారు. గిటారులోకంలో ఈనాటికీ ప్రధాన తారతమ్యం ఈ రెండు వంశాల మధ్యనే.

హోరు నణచిన ఉపాయం

ఒక చుట్ట గల పికప్‌కు ఒక లోపం పుట్టుకతో ఉన్నది. అది తీగ కంపనాలనే కాక, పరిసరాలలోని ట్రాన్స్‌ఫార్మర్లు, దీపాల తీగలు పుట్టించే ఏకాంతర అయస్కాంత క్షేత్రాన్ని కూడ గ్రహిస్తుంది. మన దేశంలో విద్యుత్ సరఫరా సెకనుకు 50 ఆవర్తనాలు గనుక ఆ స్వరం, దాని అనుస్వరాలు హోరుగా వినిపిస్తవి.

గిబ్సన్ ఇంజనీరు సెత్ లవర్ 1955లో దీనికి విరుగుడు కనుగొని పేటెంటుకు దరఖాస్తు చేసినాడు. 1959లో అది మంజూరైనది. ప్రక్కప్రక్కన రెండు చుట్టలు ఉంచి, రెండవదానిలో చుట్టిన దిశను, అయస్కాంత ధ్రువాన్ని కూడ తారుమారు చేసినాడు. వెలుపలి నుండి వచ్చిన హోరు రెండు చుట్టలలో వ్యతిరేక దిశలలో పుట్టి పరస్పరం రద్దవుతుంది. తీగ వల్ల పుట్టే వోల్టేజికి దిశ రెండుసార్లు తారుమారగుటచే అది కూడుకొంటుంది. రుణం రుణంతో గుణిస్తే ధనమైనట్లు! 1957 నుండి ఈ "హంబకింగ్" పికప్‌లు లెస్ పాల్ గిటార్లకు అమర్చబడినవి.

కాని ప్రకృతిలో ఏ లాభమూ ఉచితం కాదు. పికప్ చుట్టకు స్వయం ప్రేరకత్వం ఉన్నది. యాంప్లిఫయరుకు పోయే కేబులుకు విద్యుత్ క్షమత ఉన్నది. ఈ రెండూ కలిసి ఒక అనునాద వలయం అవుతుంది. ఉదాహరణకు ఒంటి చుట్ట ప్రేరకత్వం 2.4 హెన్రీలు, కేబులుతో సహా క్షమత 600 పికోఫారడులు అనుకొంటే అనునాద పౌనఃపున్యం సుమారు 4,200. జంట చుట్ట ప్రేరకత్వం 4.4 హెన్రీలు అనుకొంటే అదే కేబులుతో అది సుమారు 3,100కు దిగుతుంది. దానిపైన ఉన్న అనుస్వరాలు త్వరగా క్షీణిస్తవి. మానవుని చెవికి సూక్ష్మగ్రాహ్యత అధికంగా ఉండేది ఈ ప్రాంతంలోనే కనుక తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఫెండర్ స్వరం గంట మ్రోగినట్లు తేటగాను, గిబ్సన్ స్వరం నిండుగా మెత్తగాను ఉన్నదని వాద్యకారులు చెప్పుటకు ఒక ముఖ్య కారణం ఇదే.

పికప్ ఉన్న చోటు కూడ ముఖ్యమే. తీగ పొడవులో నాలుగవ వంతు వద్ద నాలుగవ అనుస్వరానికి అస్పందన బిందువు ఉంటుంది. సరిగా అక్కడ పికప్ పెట్టితే ఆ అనుస్వరం దానికి చేరనే చేరదు. బ్రిడ్జి దగ్గర మూల స్వరపు కదలిక స్వల్పం గనుక పై అనుస్వరాల పాలు ఎక్కువై శబ్దం పదునుగా ఉంటుంది. స్ట్రాటోకాస్టర్‌లో మూడు చోట్ల మూడు పికప్‌లు ఉంచుటలోని రహస్యం ఇదే.

ఇక కొయ్యను గురించి దుకాణాలలో చెప్పే మాటలు అనేకం. పెట్టె గిటారులో కొయ్యయే వక్త. దుంగ గిటారులో పికప్ వినేది తీగను. కొయ్య తీగ కదలికను మార్చినంత మేరకే స్వరంలో దానికి పాత్ర. పికప్, దాని స్థానం, తీగలు, స్పీకరు కలిగించే మార్పులతో పోల్చితే అది స్వల్పం.

చరిత్రలో ఇంకొక పాఠం ఉన్నది. అమ్మకాలు తగ్గినవని 1960 తరువాత గిబ్సన్ లెస్ పాల్ నమూనా రూపాన్నే మార్చివేసినది. ఆ తరువాత ఇంగ్లండులోని యువ వాద్యకారులు పాత గిటార్లను వెదకి కొని, యాంప్లిఫయరును హద్దు మీరి పెంచి కొత్త నాదాన్ని సృష్టించగా, 1968లో పాత నమూనాను మరల తయారుచేయవలసి వచ్చినది. బజారు తిరస్కరించిన వస్తువే పదేండ్లలో బజారుకు ఆదర్శమైనది. వెలను బట్టి గుణాన్ని నిర్ణయించరాదనుటకు ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

పాలకొల్లు బాలుడు

ఈ పాశ్చాత్య పరికరాల చరిత్రలో ఒక తెలుగు అధ్యాయం ఉన్నది. 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో ఉప్పలపు శ్రీనివాస్ జన్మించినాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాద్యకారుడు. ఆరేండ్ల వయసులో శ్రీనివాస్ మాండొలిన్ చేతబట్టినాడు. చెంబై వైద్యనాథ భాగవతారు శిష్యుడైన రుద్రరాజు సుబ్బరాజు ఆయనకు గురువు. గురువుకు మాండొలిన్ రాదు. ఆయన పాడేవారు, బాలుడు ఆ పాటను తీగలపై వెదకి పట్టుకొనేవాడు.

మాండొలిన్‌కు జంట తీగలు నాలుగు వరుసలు. కర్ణాటక సంగీతానికి ప్రాణం గమకం. తీగను లాగి స్వరాన్ని పైకి తీసికొనిపోవలెను. ఒక స్వరం నుండి దానిపై పూర్ణ స్వరానికి, అనగా 1.1225 రెట్లకు పోవలెనన్న బిగువు 1.26 రెట్లు కావలెను. జంట తీగలు రెండింటినీ సరిగా అంతే లాగుట దుర్లభం. ఒకటి 440, మరొకటి 443 కంపనాలు చేస్తే సెకనుకు మూడు విస్పందనాలు పుట్టి స్వరం వణకుతుంది. రెండవ ఇబ్బంది, చిన్నపెట్టె మాండొలిన్‌లో స్వరం చటుక్కున ఆరిపోవడం. గమకం పూర్తి కాకముందే నాదం మాయమైతే రాగం ఎట్లు నిలుస్తుంది?

శ్రీనివాస్ ఈ రెండు లోపాలకూ రెండు మార్పులు చేసికొన్నాడు. జంట తీగలు మాని ఒంటి తీగలు ఐదు పెట్టుకొన్నాడు. పెట్టె మాండొలిన్ మాని విద్యుత్ మాండొలిన్ చేపట్టినాడు. ఒంటి తీగల విద్యుత్ మాండొలిన్ లోకానికి కొత్త కాదు; ఫెండర్ 1956లోనే నాలుగు ఒంటి తీగల నమూనాను అమ్మినాడు. కాని ఐదవ తీగ చేర్చి, మంద్రస్థాయిని విస్తరించి, ఆ పరికరంతో త్యాగరాజ కృతులను గమకయుక్తంగా వినిపించుట కొత్త. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధన సందర్భంగా ఆయన తొలి కచేరి జరిగినది. 1981లో మద్రాసు డిసెంబరు కచేరీలలో ప్రవేశించినాడు. మొదట ఇది పాశ్చాత్య వాద్యమని శంకించిన పండితులు లేకపోలేదు. ఫిడేలు కూడ ఒకనాడు అట్లే వచ్చినదని, ఈనాడు అది లేని కచేరి అరుదని వారికి జవాబు చెప్పవచ్చును. ఆయన మాత్రం వాదనతో కాక వాదనంతో జవాబు చెప్పినాడు. 1998లో పద్మశ్రీ లభించినది. గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో "రిమెంబర్ శక్తి" బృందంలో దేశదేశాల వాయించినాడు. 2014 సెప్టెంబరు 19న, 45 ఏండ్ల ప్రాయంలో మరణించినాడు.

నమూనాల తారతమ్యానికి ఇది మేలైన ఉదాహరణ. ఆ బాలుని ముందున్న ప్రశ్న "ఏది గొప్ప మాండొలిన్?" అన్నది కాదు. "నా పాటకు అడ్డు వస్తున్నది ఏది?" అన్నది.

మద్రాసు నుండి ఫిల్మ్ నగర్‌కు

తెలుగు చలనచిత్ర సంగీతం దశాబ్దాల పాటు మద్రాసులోనే తయారైనది. గిటారు వాద్యకారుడుగా పనిచేసి, జి. కె. వెంకటేశ్ వద్ద సహాయకుడుగా ఉండి, 1976లో స్వతంత్ర సంగీత దర్శకుడైన ఇళయరాజా తెలుగు చిత్రాలకు కూర్చిన పాటలలో గిటారు స్థానం శ్రోతలందరికీ తెలిసినదే. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్‌ను, తరువాత డి. రామానాయుడు ఫిల్మ్ నగర్‌లో తమ స్టూడియోను నెలకొల్పినారు. చిత్రాల నిర్మాణం క్రమంగా హైదరాబాదుకు తరలినది. పాటల రికార్డింగు మాత్రం మరికొంతకాలం మద్రాసులోనే నిలిచి తరువాత కదలినది. 1999లో "దేవి" చిత్రంతో రంగప్రవేశం చేసిన సంగీత దర్శకుడు దేవిశ్రీ ప్రసాద్, శ్రీనివాస్ వద్ద మాండొలిన్ నేర్చిన శిష్యుడు. పాలకొల్లు తీగ జూబిలీ హిల్స్‌కు చేరిన మార్గాలలో ఇది ఒకటి.

ఆ తొలిరోజులలో దిగుమతి సుంకాలు ఎక్కువగుటచే విదేశపు గిటారు దుర్లభం. 1991 నుండి ఆర్థిక విధానం సడలిన కొద్దీ ఎంపిక విస్తరించినది. అనగా ఒకప్పటి సమస్య "దొరకడం ఎట్లు?" కాగా నేటి సమస్య "ఏది ఎంచుకొనుట?" అయినది. రికార్డింగు గదిలో ఈ ఎంపిక ప్రత్యేకమైనది. అక్కడ ఒకే దినంలో మెత్తని ప్రేమపాటకు, తరువాత పోరాట ఘట్టానికి వాయించవలసి రావచ్చును. తేటస్వరం అడిగినచోట ఒంటి చుట్ట మేలు. యాంప్లిఫయరును హద్దు మీరి పెంచి వాయించవలసినచోట హోరు కూడ అంతే పెరుగుతుంది గనుక జంట చుట్ట మేలు. వాద్యకారుని రెండవ పెట్టెకు న్యాయమైన కారణం ఇది.

రెండవది కొనుటకు ముందు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి రావచ్చును. ఫెండర్ వంశపు గిటార్లలో తీగ పొడవు సామాన్యంగా 25½ అంగుళాలు, అనగా 648 మిల్లీమీటర్లు. గిబ్సన్ వంశంలో 24¾ అంగుళాలు, అనగా దాదాపు 629 మిల్లీమీటర్లు. తీగ, శ్రుతి ఒకటే అయినపుడు బిగువు పొడవు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. లెక్క వేస్తే గిబ్సన్‌లో బిగువు సుమారు 6 శాతం తక్కువ. వ్రేలికి మెత్తగా ఉన్నదని పలువురు ఆ గిటారు కోరుట దీనివల్లనే.

కాని అదే సూత్రాన్ని మరొక విధంగా ప్రయోగించవచ్చును. అంగుళంలో 10 వేయవ వంతుల వ్యాసం గల మొదటి తీగను తీసి 9 వేయవ వంతులది వేస్తే, ద్రవ్యరాశి వ్యాసపు వర్గాన్ని అనుసరించును గనుక, బిగువు 0.81 వంతు అవుతుంది. అనగా 19 శాతం తగ్గుతుంది. కొత్త గిటారు ఇచ్చే 6 శాతానికి ఇది మూడు రెట్లు. కొద్ది వందల రూపాయల తీగలతో తీరే కొరతకు లక్ష వెచ్చించుట అవివేకం. అట్లే స్వరం మందంగా ఉన్నదని తోచినవారు పొడుగాటి కేబులును మార్చి చూడవచ్చును. వలయంలోని మొత్తం క్షమత సగమైతే అనునాద పౌనఃపున్యం 1.41 రెట్లు పెరుగుతుంది. ఇది పైన చెప్పిన 3,100ను దాదాపు 4,400కు చేర్చును.

తీగలు మార్చినా, కేబులు మార్చినా, పికప్ ఎత్తు సవరించినా తీరని కొరతలు కొన్ని ఉన్నవి. హోరు ఒకటి. పికప్ స్థానం రెండవది. స్వరాన్ని ఊగించే మీట లేకపోవడం మూడవది. బరువు నాల్గవది, లెస్ పాల్ సాధారణంగా నాలుగు కిలోలకు పైబడినది, స్ట్రాటోకాస్టర్ మూడున్నర కిలోల ప్రాంతంలోనిది, గంటల తరబడి భుజాన మోసేవానికి ఆ భేదం చిన్నది కాదు. ఇటువంటి కొరత ఒకటి తన పనికి అడ్డు వచ్చుచున్నదని తెలిసినపుడు రెండవ గిటారు కొనుట సబబు. పోల్చునపుడు రెండింటికీ ఒకే మందపు కొత్త తీగలు, ఒకే కేబులు, ఒకే యాంప్లిఫయరు, ఒకే ధ్వని మట్టం ఉండవలెను. కొంచెం బిగ్గరగా ఉన్నదే చెవికి మేలుగా తోస్తుంది గనుక ఈ చివరి నియమం ముఖ్యం. వీలైతే వినేవారు వీపు త్రిప్పి కూర్చొని, వాయించేది ఏదో తెలియకుండ వినవలెను. ఒక్క రాశి తప్ప మిగిలినవన్నీ స్థిరంగా ఉంచి పరీక్షించుట ప్రయోగశాలలో నేర్చిన పాఠమే కదా.

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని తరగతిలో సులభంగా చూపవచ్చును. సోనామీటరు తీగ రెండు కొనలను పాఠశాల యాంప్లిఫయరులోని మైక్రోఫోను ద్వారానికి కలిపి, తీగను గుర్రపునాడా అయస్కాంతపు ధ్రువాల మధ్య ఉంచి మీటినచో, స్పీకరులో స్వరం వినిపిస్తుంది. అయస్కాంత క్షేత్రంలో కదిలే వాహకంలోనే వోల్టేజి పుట్టుట ఇందులోని సూత్రం. అయస్కాంతాన్ని తీగ మధ్యకు, నాలుగవ వంతు వద్దకు, కొన దగ్గరకు జరుపుచూ మీటితే స్వరం ఒకటే అయినా నాదం మారుట విద్యార్థులు వింటారు. పిమ్మట వారిని ఒక ప్రశ్న అడుగవచ్చును: ఈ ప్రయోగం ఇత్తడి తీగతో కూడ జరుగుతుంది, గిటారు పికప్ మీద మాత్రం ఇత్తడి తీగ మూగపోతుంది. ఎందుచేత?